పరికరం చవకైతే చాలదు

ఇంజినీరింగ్ విద్యార్థులు పేద దేశాల ఆసుపత్రుల కోసం అతి తక్కువ ఖర్చుతో ఒక వైద్య పరికరం తయారుచేశారన్న వార్తను మీరు ఎప్పుడో ఒకప్పుడు చదివే ఉంటారు. ఫొటోలో నలుగురు యువతీయువకులు, వారి ముందు ఒక పెట్టె. మార్కెట్‌లో లక్షల రూపాయలు పలికే యంత్రాన్ని వీరు వేల రూపాయలలో చేసి చూపించారని శీర్షిక. చదివి మనం ముచ్చటపడతాం. మన పిల్లలు ఎందరో అమెరికాలో ఇంజినీరింగ్ చదువుతున్నారు కనుక, ఆ నలుగురిలో ఒక తెలుగు పేరు కనబడితే మరికొంత గర్విస్తాం.

ఆ సంతోషాన్ని నేను తప్పుపట్టను. సంతోషించి అక్కడితో ఊరుకోవడాన్ని తప్పుపడతాను. ఆ పెట్టె ఈ రోజు ఏ వార్డులో ఉంది? దానిని ఎవరు నడుపుతున్నారు? చెడిపోతే ఎవరు బాగుచేస్తున్నారు? ఈ ప్రశ్నలు అడగకుండా కేవలం ధరను చూసి కొట్టే చప్పట్లు విద్యార్థికి బహుమతి తెస్తాయేమో గాని, రోగికి ఊపిరి తీసుకురావు. ప్రభుత్వ ఆసుపత్రులలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసిన వైద్యునిగా ఈ మాటను గట్టిగానే చెప్పదలచుకున్నాను.

ముందుగా, నిజంగా ఫలించిన ఒక ప్రయత్నాన్ని చూద్దాం. ఆఫ్రికాలోని మలావీ ఒక చిన్న పేద దేశం. నెలలు నిండకుండా పుట్టే శిశువుల నిష్పత్తి ప్రపంచంలో అక్కడే అత్యధికమని 2012లో వెలువడిన ఒక అంతర్జాతీయ నివేదిక లెక్కగట్టింది. ప్రతి వంద జననాలలో సుమారు 18 అలాంటివే. నెలలు నిండని శిశువు ఊపిరితిత్తులలో గాలి గదులను తెరిచి ఉంచే సర్ఫక్టెంట్ అనే పదార్థం చాలినంత ఉండదు. ఊపిరి వదిలిన ప్రతిసారీ ఆ గదులు ముడుచుకుపోతాయి. వాటిని మళ్లీ తెరవడానికే శిశువు శక్తి అంతా ఖర్చవుతుంది. అలసిపోయిన శిశువు చివరకు ఊపిరి తీసుకోవడం మానేస్తుంది.

దీనికి బబుల్ సిపాప్ అనే చికిత్సా పద్ధతి ఉంది. గాలిని, అవసరమైనంత ఆక్సిజన్‌తో కలిపి, శిశువు ముక్కులో అమర్చిన మెత్తని గొట్టాల ద్వారా ఆగకుండా పంపుతారు. గాలి బయటకు పోయే గొట్టం కొసను నీటి సీసాలో ముంచుతారు. ఆ కొస నీటిలో ఎన్ని సెంటీమీటర్ల లోతున ఉంటే అంత ఒత్తిడి ఊపిరితిత్తులలో నిలుస్తుంది, గాలి గదులు మూసుకుపోకుండా ఉంటాయి. సూత్రం ఇంత సులువైనదే అయినా, అప్పట్లో మార్కెట్‌లో దొరికే యంత్రం ధర సుమారు 6,000 డాలర్లు.

అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో రైస్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ రెబెకా రిచర్డ్స్ కోర్టమ్, మరియా ఓడెన్ అనే ఆచార్యులు నడిపించిన రైస్ 360 కార్యక్రమంలో, 2010 ప్రాంతంలో, చివరి సంవత్సరం విద్యార్థులు ఈ యంత్రానికి చవక రూపాన్ని తయారుచేశారు. మొదటి నమూనాలో గాలిని పంపినవి చేపల తొట్టెలలో వాడే చిన్న పంపులు. వాటిని అమర్చినది చెప్పులు దాచుకునే ప్లాస్టిక్ పెట్టెలో. తరువాత మెరుగుపరచిన పరికరానికి పుమానీ అని పేరు పెట్టారు. మలావీ ప్రజల చిచేవా భాషలో అది ఊపిరి పీల్చుకోవడాన్ని తెలిపే మాట. బ్లాంటైర్ నగరంలోని క్వీన్ ఎలిజబెత్ సెంట్రల్ ఆసుపత్రిలో జరిపిన పరీక్ష ఫలితాలు 2014లో ప్రచురితమయ్యాయి. ఆక్సిజన్ మాత్రమే అందిన 25 మంది శిశువులలో 44 శాతం బతికారు. బబుల్ సిపాప్ అందిన 62 మందిలో 71 శాతం బతికారు. ఇది చిన్న అధ్యయనం, చీటీలు వేసి రెండు వర్గాలుగా విభజించినదీ కాదు. అయినా నవజాత శిశువుల వార్డులో పనిచేసిన వైద్యులెవరూ ఆ తేడాను తేలికగా తీసుకోరు.

పత్రికలు ఇక్కడికి కథ ముగిస్తాయి. అసలు పని ఇక్కడి నుంచే మొదలైంది. ఈ యంత్రం కావాలని అడిగినవారు ఆ వార్డులో పనిచేసే శిశువైద్యులు. తయారుచేసిన బృందంలోని ఒక విద్యార్థిని పట్టా పుచ్చుకున్నాక మలావీ వెళ్లి, అక్కడ ఉండి పరీక్షను నడిపించింది. ఆ దేశపు ఆరోగ్య శాఖతో కలిసి జిల్లా ఆసుపత్రులకు యంత్రాలను పంపినప్పుడు నర్సులకు శిక్షణ కూడా ఇచ్చారు. ఫలితాలను లెక్కగట్టినప్పుడు మరొక చేదు నిజం బయటపడింది. ఒళ్లు చల్లబడిన శిశువులకు ఆ యంత్రం వల్ల కలిగే మేలు బాగా తగ్గిపోతున్నది. అంటే గాలి పంపే పెట్టె ఒక్కటే చాలదు. వెచ్చదనం కావాలి, శిశువు ఉష్ణోగ్రతను గంట గంటకూ చూసే మనిషి కావాలి. ఈ సంగతి ఏ ప్రయోగశాలలోనూ తెలియదు. వార్డులో, అదీ ఏళ్ల తరబడి లెక్క రాసుకుంటేనే తెలుస్తుంది.

ఇప్పుడు మరో రెండు అనుభవాలను పక్కపక్కన పెట్టి చూడండి. బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలో మహమ్మద్ జొబాయెర్ చిస్తీ అనే వైద్యుడు ఖాళీ షాంపూ సీసాతో బబుల్ సిపాప్ అమర్చి, తీవ్ర న్యుమోనియాతో వచ్చిన పిల్లలకు వాడారు. 2015లో ప్రచురితమైన ఆ పరీక్షలో, మామూలు పద్ధతిలో తక్కువ ధారగా ఆక్సిజన్ ఇచ్చిన పిల్లలలో 15 శాతం మరణించగా, షాంపూ సీసా పద్ధతిలో 4 శాతమే మరణించారు. ఇదే చికిత్సా పద్ధతిని మలావీలోని సలీమా జిల్లా ఆసుపత్రిలో న్యుమోనియా పిల్లలకు వాడి చూశారు. 2019లో వెలువడిన ఫలితం తలకిందులైంది. ఆక్సిజన్ మాత్రమే అందిన పిల్లలలో 11 శాతం మరణిస్తే, బబుల్ సిపాప్ మీద ఉంచిన పిల్లలలో 17 శాతం మరణించారు.

రెండు చోట్లా రోగుల తీరులో తేడా ఉంది, నిజమే. అంతకంటె ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. ఢాకా ఆసుపత్రిలో పిల్లలను వైద్యులు నిరంతరం కనిపెట్టి చూశారు. సలీమాలో రోజూ వచ్చి పర్యవేక్షించే వైద్యుడు లేడు. బుడగలు రెండు చోట్లా ఒక్కటే. మంచం పక్కన నిలబడిన మనిషి వేరు. చవక యంత్రం ప్రాణం పోస్తుందా, తీస్తుందా అన్నది ఆ మనిషి ఉనికి మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఆ మనిషి గురించి ఒక్క వాక్యం లేని వార్తను మనం ఆరోగ్య వార్త అని ఎలా పిలుస్తాం?

బహుమతులు ఎంత దూరం తీసుకుపోతాయో చెప్పడానికి ఇంకొక ఉదాహరణ చాలు. పేద దేశాలలో ఇంక్యుబేటర్లు చెడిపోతే విడిభాగాలు దొరకవు గాని, కార్లను బాగుచేసే మెకానిక్కులు ఊరూరా ఉంటారు. ఈ ఆలోచనతో డిజైన్ దట్ మేటర్స్ అనే అమెరికా సేవాసంస్థ కారు విడిభాగాలతో నియోనర్చర్ అనే ఇంక్యుబేటర్‌ను రూపొందించింది. వెచ్చదనానికి కారు హెడ్‌లైట్లు, గాలికి కారు ఫ్యాను. 2010లో టైమ్ పత్రిక దానిని ఆ ఏటి 50 ఉత్తమ ఆవిష్కరణలలో చేర్చింది. కాని దానిని ఉత్పత్తి చేయడానికి కర్మాగారమేదీ ముందుకు రాలేదు. అది ఆసుపత్రులకు చేరనేలేదు. ఆ సంస్థ నాయకుడు తిమోతీ ప్రెస్టెరో ఈ సంగతిని దాచుకోకుండా వేదిక మీదనే చెప్పి, బహుమతుల కోసం కాక మనుషుల కోసం రూపకల్పన చేయాలన్నారు. తరువాత వారు పచ్చకామెర్ల శిశువులకు వెలుగు చికిత్స చేసే ఫైర్‌ఫ్లై అనే పరికరాన్ని తలపెట్టినప్పుడు, మొదటి నుంచీ వియత్నాంలోని తయారీదారుతో కలిసి పనిచేశారు. అది ఆసుపత్రులకు చేరింది. నేను గౌరవించేది ఈ రెండవ మెట్టును.

ఉన్న యంత్రాల సంగతి కూడా చూడండి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 16 దేశాలలోని లక్షకు పైగా వైద్య పరికరాల జాబితాలను పరిశీలించి 2011లో ఒక లెక్క ప్రచురించారు. వాటిలో సుమారు 38 శాతం పనిచేయని స్థితిలో ఉన్నాయి. అదే బృందం మరమ్మతు పనులను విడిగా పరిశీలించి, చెడిన పరికరాలలో మూడింట రెండు వంతులను విదేశీ విడిభాగాల అవసరం లేకుండానే, నేర్చుకోగలిగిన 107 ప్రాథమిక నైపుణ్యాలతో తిరిగి పనిచేయించవచ్చునని తేల్చింది. ఈ దృష్టితో విద్యార్థులను పేద దేశాల ఆసుపత్రులకు మరమ్మతు పనులకు పంపే కార్యక్రమాలూ ఉన్నాయి. పాత యంత్రంలో ఫ్యూజు మార్చిన విద్యార్థి ఫొటోను మీరు ఎన్నడైనా పత్రికలో చూశారా?

ఇది ఆఫ్రికాకే పరిమితమైన జబ్బు కాదు. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో, దాతలు పంపిన శిశువుల వార్మర్ ఒకటి, ఉష్ణోగ్రతను కనిపెట్టే చిన్న సెన్సర్ దొరకక రెండేళ్లు స్టోర్ గదిలో పడి ఉంది. స్టాకు రిజిస్టరులో మాత్రం అది పనిచేసే యంత్రమే.

దీనికి కొందరు మిత్రులు ఒక సమాధానం చెబుతారు. ‘ఏమీ లేని చోట ఏదో ఒకటి ఉండడం నయం కదా’ అని. నయం కాదు. పనికిరాని యంత్రం స్థలాన్ని ఆక్రమిస్తుంది, నర్సు సమయాన్ని తింటుంది, పనికివచ్చే యంత్రానికి దక్కవలసిన నిధిని అడ్డుకుంటుంది. సలీమా అనుభవం చెప్పినట్టు, హాని కూడా చేయవచ్చు. ‘వాళ్లు విద్యార్థులు, నేర్చుకుంటున్నారు’ అన్నది రెండవ సమాధానం. నేర్చుకోనివ్వండి. కాని హ్యూస్టన్‌లో శిశువు మీద వాడడానికి ఎన్ని అనుమతులు, ఎంత పర్యవేక్షణ కావాలో, బ్లాంటైర్‌లో శిశువుకూ అంతే కావాలి. పేదవాడి బిడ్డ మన పిల్లల ప్రాజెక్టు రికార్డు కాదు.

యంత్రమే లేని ఆవిష్కరణలూ ఉన్నాయని మరువకండి. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో ఎడ్గార్ రే అనే శిశువైద్యుడు, ఇంక్యుబేటర్ల కొరత వల్ల, బరువు తక్కువ శిశువులను తల్లి ఎదకు ఆనించి వెచ్చగా ఉంచే పద్ధతి ప్రారంభించారు. దానినే నేడు కంగారూ సంరక్షణ అంటున్నాం. ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాలలో 3,211 మంది శిశువులపై ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. పుట్టిన వెంటనే ఈ సంరక్షణ మొదలుపెడితే, 28 రోజులలోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. ఇందుకు కావలసిందల్లా శిశువుల ప్రత్యేక వార్డులో తల్లికి ఒక మంచం, ఆమెను లోపలికి రానిచ్చే నియమం, సాయపడే సిబ్బంది. ఆ మంచం వేయించిన వారిని ఏ పోటీలోనూ వేదిక మీదికి పిలవరు.

కాబట్టి ఇలాంటి వార్త ఈసారి మీ కంట పడినప్పుడు కొన్ని ప్రశ్నలు వేయండి. ఈ పరికరం కావాలని అడిగినవారు ఎవరు? నర్సు ఒక్కతే ఉన్న రాత్రి షిఫ్టులో దానిని పరీక్షించారా? దానికి నెల నెలా కావలసిన గొట్టాలు, ఫిల్టర్లు, కరెంటు ఖర్చు ఏ బడ్జెట్టు నుంచి వస్తుంది? దానిని విప్పి బాగుచేయగలిగిన మనిషి ఆ జిల్లాలో ఉన్నాడా? మూడేళ్ల తరువాత ఎన్ని యంత్రాలు పనిచేస్తున్నాయో ఎవరు లెక్కపెడతారు? మీ అబ్బాయో అమ్మాయో అలాంటి ప్రాజెక్టులో ఉంటే, ధర ఎంత అని అడిగే ముందు ఈ ప్రశ్నలు అడగండి. జవాబులు లేకపోతే, వెతుక్కోమని చెప్పండి. కళాశాలల పోటీలకు న్యాయనిర్ణేతలుగా వెళ్లే నా తోటి వైద్యులకూ ఇదే మనవి. నమూనాకు సగం మార్కులే వేయండి. మిగిలిన సగం మూడేళ్ల తరువాత లెక్క చూపినవారికి ఉంచండి.

2022లో ప్రపంచమంతటా సుమారు 23 లక్షల మంది శిశువులు పుట్టిన నెల రోజులలోపే మరణించారు. వారిలో చాలామందిని బతికించే పరిజ్ఞానం ఇప్పటికే ఉంది. కొరత ఉన్నది దానిని మంచం పక్కకు చేర్చి, అక్కడే నిలబెట్టే మనుషులకు. రైస్ విశ్వవిద్యాలయం వారు బ్లాంటైర్‌లోని పాలిటెక్నిక్‌తో కలిసి అక్కడి విద్యార్థులకూ ఒక రూపకల్పనశాలను ఏర్పాటుచేశారు. తమ ఊరి ఆసుపత్రిలో ఏ యంత్రం ఎందుకు ఆగిపోయిందో ఆ విద్యార్థులు నడిచి వెళ్లి చూడగలరు, మరునాడు మళ్లీ వెళ్లగలరు. విదేశీ విద్యార్థి సాయం అలాంటివారిని తయారుచేయడానికి ఉపయోగపడితే నేనూ లేచి నిలబడి చప్పట్లు కొడతాను.