చెప్పేది తాకట్టు, రాయించేది అమ్మకం

అమృతలూరు మండలంలో ఎకరం చేను ఉన్నవాడికి అప్పు పుట్టడం కష్టం కాదు. ఎవరి చేతుల మీదుగా పుడుతుందన్నదే చూసుకోవాలి. పిల్ల పెళ్లి, పిల్లాడి ఇంజనీరింగు ఫీజు, ఆసుపత్రి బిల్లు, కోత మీద పడ్డ వాన... మన అవసరం ముందుగా తెలిసిపోయేది బ్యాంకు మేనేజరుకు కాదు, మధ్యవర్తికి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేనాటికి డెల్టాలో వరి కోతలు సాగుతున్నాయి. అలాంటి రోజుల్లో టీ కొట్టు దగ్గర భుజం మీద చెయ్యేసి, "పార్టీ రెడీగా ఉంది, కాగితాలు పట్టుకురా బాబాయ్" అన్నవాడు దేవుడిలాగే కనిపిస్తాడు.

మధ్యవర్తులందరూ మోసగాళ్లని మేం అనడం లేదు. బ్యాంకుల తరఫున ఇంటి రుణాల దరఖాస్తులు నింపిపెట్టే ఏజెంట్లున్నారు. వాళ్లకు కమీషన్ ఇచ్చేది బ్యాంకే. మంజూరు కాకముందే "పై ఖర్చుల"కని వేలు అడిగితే మాత్రం అనుమానించాలి. ఇతను మీ మనిషేనా అని బ్రాంచిలో అడిగితే ఐదు నిమిషాల్లో తేలే సంగతికి మనకు మొహమాటం అడ్డొస్తుంది. రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి వడ్డీ, ఛార్జీలు అన్నీ కలిపి అప్పు ఏడాదికి ఎంత శాతం పడుతుందో చూపే పత్రాన్ని బ్యాంకు ముందే చేతికివ్వాలి. అప్పు తీరాక 30 రోజుల్లో ఒరిజినల్ దస్తావేజులు తిరిగివ్వాలి. తప్పు తనదైతే, ఆలస్యమైన ప్రతి రోజుకూ 5,000 రూపాయలు చెల్లించాలి. ప్రైవేటు "పార్టీ" దగ్గర ఈ గొడవలేవీ లేవు. వాళ్లు వారంలో డబ్బివ్వగలిగేది అందుకే.

అక్కడ అసలు చిక్కు వడ్డీ కాదు. నెలకు నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతమని, పది లక్షలకు మూడేళ్లలో వడ్డీయే 7 లక్షల 20 వేలవుతుందని రైతుకు తెలుసు. తెలిసే తెగిస్తాడు. అతనికి తెలియనిది కాగితం. మధ్యవర్తి నోటితో చెప్పేది తాకట్టు. స్టాంపు కాగితం మీద ఉండేది క్రయ దస్తావేజు, కాకుంటే అమ్ముకునే అధికారమిచ్చే జీపీఏ. ఇదేమిటని అడిగితే, "నామకార్థానికే, డబ్బు కట్టగానే తిరిగి రాసిచ్చేస్తారు" అంటాడు.

తాకట్టైతే విడిపించుకునే హక్కు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 60వ సెక్షనులోనే ఉంది. ఆ హక్కు కోసం కోర్టుకెళ్లడానికి 30 ఏళ్ల గడువుంది. సాగుభూమిని, బ్యాంకులు కోర్టుకెళ్లకుండానే బాకీ రాబట్టుకునే సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు సైతం వేలం వేయలేదు, 31వ సెక్షను దాన్ని మినహాయించింది. అప్పు తీసుకున్నవాడికి ఇంత అండ ఉంది కాబట్టే ఆ "పార్టీ"కి తాకట్టు పనికిరాదు, అమ్మకం కావాలి. తిరిగి రాసిచ్చే షరతు అదే విక్రయ దస్తావేజులో లేకపోతే దాన్ని తాకట్టుగా చూడకూడదని 1929లోనే ఆస్తి బదిలీ చట్టాన్ని సవరించారు. అంటే టీ కొట్టు దగ్గర ఇచ్చిన మాటను నమ్మి సంతకం పెట్టినవాడు, తర్వాత కోర్టులో అది అప్పేనని రుజువు చేసుకోవడం గగనం.

ఇది ఊహించుకున్న భయం కాదు. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్ మనీ (అడిగిన వెంటనే కట్టాల్సిన అధిక వడ్డీ అప్పుల) వ్యవహారం బయటపడ్డప్పుడు వడ్డీ వ్యాపారుల దగ్గర జనం సంతకాలు చేసిన నోట్లు, ఖాళీ చెక్కులు, ఆస్తి పత్రాలు దొరికాయి. ఎంతమంది ఆడవాళ్లను ఆ అప్పులు ఎంత దూరం ఈడ్చాయో అప్పటి పత్రికలు చదివినవాళ్లు మరిచిపోలేదు.

కాబట్టి మధ్యవర్తి కులం, ఊరు, చుట్టరికం కాదు చూడాల్సింది, అతను ఏ కాగితం మీద సంతకం అడుగుతున్నాడన్నది. చిత్తు ప్రతి ముందురోజే ఇంటికి తెచ్చుకోండి. అతను తెచ్చిన లేఖరికి కాకుండా వేరొకరికి చూపించండి. తనఖా అని ఉందా, విక్రయం అని ఉందా? ఖాళీ చెక్కు, ఖాళీ నోటు ఇవ్వకండి. అప్పు తీర్చాక ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించి మీ సర్వే నంబరు మీద ఏమేం నమోదై ఉన్నాయో చూసుకోండి.

సబ్ రిజిస్ట్రారును నమ్ముకుని లాభం లేదు. అక్కడ అడిగేది రెండే ముక్కలు: సంతకం మీదేనా, సొమ్ము ముట్టిందా? రెండింటికీ అవుననమని మధ్యవర్తి దారిలోనే నేర్పి తీసుకొస్తాడు. ఇది అమ్మకమా, అప్పా అనే మూడో ప్రశ్న ఆ బల్ల దగ్గర ఎవరూ అడగరు. ప్రభుత్వం ఆ ప్రశ్నను తప్పనిసరి చేసి, జవాబును రైతు చేతే రాయించి దస్తావేజుకు జతచేయించాలి.