బియ్యం మనవే, మరి కూరో?



మా రెండు సెంట్ల పెరడు వీడియోలో చూశారు కదా. దాన్ని ఎందుకు వేశామో అందులో చెప్పలేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

రెండేళ్ల కిందట మా దగ్గర బియ్యం తీసుకోవడానికి టౌను నుంచి ఒకాయన వచ్చారు. మధ్యాహ్నం వేళ కదా, భోంచేసి వెళ్లమన్నాం. తింటూ తింటూ, "వంకాయ కూర బాగుందండీ, ఇవి కూడా మందుల్లేకుండా పండించినవేనా?" అని అడిగారు. అవి ముందు రోజు సంతలో కొన్నవి. ఆ మాటే చెప్పాను. ఆయనేమీ అనలేదు గానీ, ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

మనలో చాలామంది సంగతి ఇదే. పొలమంతా జీవామృతంతో పండిస్తాం, ఊళ్లోవాళ్లకు మందులు మానమని చెబుతాం. మన పిల్లలకు మాత్రం ఎవరు ఏం కొట్టారో తెలియని కూర పెడతాం. బోరు పక్కన రెండు సెంట్లు వదలమని మా ఇంటావిడ ఎన్నోసార్లు అడిగింది. "రెండు సెంట్లలో ఏమొస్తుందే, కొనుక్కుంటే అయిపోద్ది కదా" అన్నది నేనే. తప్పు నాదే.

కొనుక్కునే ఇంట్లో పొదుపు ఎలా ఉంటుందో చూడండి. రేటు పెరిగితే అరకిలో కాస్తా పావుకిలో అవుతుంది. నలుగురికీ దాంతోనే సరిపెడతాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు ఉండాలని ఉంది. అంటే నలుగురికి కిలోన్నర పైమాటే. రోజూ అంత కొనాలంటే మనలాంటోళ్ల వల్ల అవుతుందా? తక్కువ తిని మిగిల్చేది పొదుపు కాదు, కడుపు మాడ్చుకోవడం.

పెరడు పెద్ద ఖర్చేం కాదు. ఎకరానికి 200 లీటర్ల జీవామృతం పోస్తాం కదా, ఆ లెక్కన రెండు సెంట్లకు నాలుగు లీటర్లు చాలు. పందిరి మీద బీర, సొర. కంచెకు బచ్చలి. గట్టున మునగ, కరివేపాకు. మధ్యలో వంగ, టమాటా, మిరప, గోంగూర. తోటకూర మాత్రం ఒకేసారి చల్లొద్దు. 15 రోజులకో చిన్న మడి చల్లితే కూర తెగకుండా వస్తుంది.

ఇక వంట. ఏం వండాలో పొద్దున్నే పెరట్లో చూసి అనుకుంటాం. లేత తోటకూర పప్పులోకి, ముదిరిన కాడలు పులుసులోకి. బీరకాయ పెసరపప్పుతో కూర, దాని పొట్టుతో పచ్చడి. ఒక్క కాయతో రెండు రకాలు, నూనె పోపు వరకే. చలికాలంలో వంకాయలు ఎక్కువైతే ముక్కలు కోసి, ఉప్పు వేసిన మజ్జిగలో ముంచి ఎండబెడతాం. ఎండాకాలం పెరడు వెలవెలబోయినప్పుడు ఆ ఒరుగులే పులుసుకు ఆదుకుంటాయి.

అన్నీ పండుతాయని చెప్పను. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఇప్పటికీ కొంటున్నాం. నాట్ల రోజుల్లో పెరడు వైపు చూసే తీరికే ఉండదు, కలుపు పెరిగిపోద్ది. అయినా ఏ రోజుకారోజు ఏదో ఒక ఆకు దొరుకుతూనే ఉంది.

ప్రకృతి వ్యవసాయం ముందు మన పొయ్యి మీదకు రావాలి, తర్వాతే సంచుల్లోకి. మనం తినంది పక్కవాణ్ణి తినమని చెప్పే హక్కు మనకెక్కడిది?

ఈసారి రెండు సెంట్లు వదలండి. ఎక్కడ వదలాలో, ఏం వేయాలో ఇంట్లో ఆడవాళ్లను అడగండి. వాళ్లకు ఎప్పుడో తెలుసు.