నేల టిక్కెట్టు వదలండి... బాల్కనీ ఎక్కండి!

సినిమా హాల్లో నేల టిక్కెట్టు ఎందుకు చవకో, బాల్కనీ టిక్కెట్టు ఎందుకు ఖరీదో ఎప్పుడైనా ఆలోచించారా? కుర్చీలు, ఫ్యాన్లు, పక్కవాడి బీడీ పొగ... ఇవన్నీ కారణాలే, కాదనను. కానీ అసలు కిటుకు వేరే ఉంది. నేలలో కూర్చున్నవాడు మెడ పైకెత్తి, హీరోగారి ముక్కు చూస్తే చెవి కనబడక, చెవి చూస్తే ముక్కు కనబడక మూడు గంటలు గడపాలి. బాల్కనీ బాబుకి ఆ బాధ లేదు. తెర దూరంగా ఉంటుంది. చూపు సూటిగానో, కాస్త కిందికో వాలుతుంది. ఆట వదిలాక నేలవాడు మెడ తడుముకుంటూ బయటికొస్తే, బాల్కనీవాడు కూనిరాగం తీసుకుంటూ మెట్లు దిగుతాడు.

ఆ నేల తరగతి హాళ్ళలోంచి దాదాపు మాయమైపోయింది. సంతోషించాం. అయితే అది ఎక్కడికీ పోలేదండోయ్! సరాసరి మన ఇళ్ళలోకీ, ఆఫీసుల్లోకీ, ఎడిటింగ్ గదుల్లోకీ వచ్చి తిష్ఠ వేసింది. కంప్యూటర్ మానిటర్ ముందు మనం కూర్చునే తీరు చూడండి. ముఖానికి ఆనేంత దగ్గరగా తెర, పైకెత్తిన గడ్డం, చీకటి గదిలో కళ్ళలోకి కొట్టే వెలుగు! అదీ ఒక్క ఆటతో సరిపెట్టుకోం. మార్నింగ్ షో మొదలుకుని సెకండ్ షో దాకా రోజూ నాలుగు ఆటలూ మనవే!

ఈ వారం ఈ సంగతి ఎందుకు ఎత్తుకున్నానంటే, ఇవాళ సినిమా మోజున్న కుర్రకారులో హీరోలవుదామనుకునే వాళ్ళతో పాటు ఎడిటింగ్ నేర్చుకుందాం, గ్రాఫిక్స్ చేద్దాం అనుకునేవాళ్ళూ బోలెడుమంది కనబడుతున్నారు. వాళ్ళకి ఇంట్లో ఎదురయ్యే మొదటి డైలాగు ఒక్కటే. "కళ్ళు పోతాయిరా!"

కృష్ణానగర్‌లో నాకు తెలిసిన అసిస్టెంట్ ఎడిటర్ ఒకడున్నాడు. ఇరవై నాలుగేళ్ళుంటాయి. తణుకు దగ్గర పల్లెటూరు. 2012లో 'ఈగ' చూసినప్పుడు బడికెళ్ళే కుర్రాడు. ఆ ఈగని హైదరాబాదులోని మకుట సంస్థ వాళ్ళు కంప్యూటర్ల మీద తయారుచేశారని తెలిసిన రోజునే, తన బతుకు కూడా కంప్యూటర్ ముందే అని తీర్మానించేసుకున్నాడట. అంత ఇష్టంగా వచ్చినవాడు, మొన్నామధ్య కలిస్తే ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"మధ్యాహ్నం అయ్యేసరికి కళ్ళలో ఇసక పోసినట్టుంటోంది అన్నా. రాత్రికి తలపోటు. అమ్మేమో, కళ్ళకన్నా ఎక్కువా నాన్నా ఆ ఉద్యోగం, వచ్చెయ్ అంటోంది. వెళ్ళిపోదామనే అనుకుంటున్నా."

వాడు పనిచేసే గది చూశాను. బల్ల మీద చెక్కపెట్టె, దాని మీద మానిటర్. వాడి వీపు వెనక కిటికీ. ఎదురుగా ఏసీ, గాలంతా ముఖం మీదికే. గదిలో దీపం లేదు, మానిటర్ వెలుగు మాత్రం నూటికి నూరు! ఇంకేం, పక్కా నేల టిక్కెట్టు. "తమ్ముడూ, ఉద్యోగం మార్చే ముందు ఈ మానిటర్ చోటు మార్చి చూడు" అన్నాను.

ఇంతకీ కళ్ళెందుకు అలిసిపోతాయి? దూరంగా ఉన్నదాన్ని చూసేటప్పుడు కంటిలోని కటకాన్ని సర్దే చిన్న కండరం విశ్రాంతిగా ఉంటుంది. ఇరవై అడుగులు దాటితే దానికి సెలవే అనుకోండి. అందుకే హాల్లో మూడు గంటలు చూసినా దానికి పెద్ద శ్రమ ఉండదు. దగ్గరి తెరని చూస్తే మాత్రం ఆ కండరం పొద్దస్తమానం బిగబట్టుకునే ఉండాలి. ఇహ రెండో సంగతి రెప్పపాటు. మామూలుగా మనం నిమిషానికి 15 సార్లు రెప్ప వేస్తాం. కంప్యూటర్ చూస్తున్నప్పుడు అది 5 నుంచి 7 సార్లకి పడిపోతుందని కంటి వైద్యులు చెబుతారు. రెప్ప పడకపోతే కన్నీటి పొర ఆరిపోతుంది. మా కుర్రాడి కళ్ళలో పోసిన ఇసక ఇదే!

సరే, రోగం తెలిసింది. ఇప్పుడు బాల్కనీ కట్టుకుందాం రండి. పైసా ఖర్చు లేదు.

మొదట దూరం. కుర్చీలో వెనక్కి ఆనుకుని చెయ్యి చాపండి. వేళ్ళ కొసలు తెరకి తగిలీ తగలనట్టుండాలి. రమారమి 25 అంగుళాలు. పెద్ద మానిటర్ అయితే ఇంకాస్త వెనక్కి జరపండి.

తర్వాత ఎత్తు. మానిటర్ పై అంచు మీ కళ్ళకి సమానంగానో, అంగుళం రెండంగుళాలు దిగువగానో ఉండాలి. అప్పుడు తెర మధ్యభాగాన్ని చూడ్డానికి చూపు దానంతటదే కిందికి వాలుతుంది. దీనివల్ల మెడకే కాదు, కంటికీ లాభం. కిందికి చూసేటప్పుడు రెప్ప కనుగుడ్డుని ఎక్కువగా కప్పుతుంది, తడి త్వరగా ఆరదు. తెర పైభాగాన్ని కొద్దిగా వెనక్కి వాల్చండి, పుస్తకం చేత్తో పట్టుకుని చదివేటప్పుడు వాలుస్తామే, అలాగ. లాప్‌టాప్ వాళ్ళయితే కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి ఎత్తు చేసుకుని, కీబోర్డు విడిగా పెట్టుకోవడం మేలు.

మూడోది కిటికీ. అది మీ వెనక ఉంటే తెర మీద ప్రతిబింబం, ఎదురుగా ఉంటే కళ్ళలోకి ఎండ. అంచేత కిటికీ ఎప్పుడూ మీకు పక్కగా ఉండాలి. తలుపు సందులోంచి వెలుగు పడితే హాల్లో జనం ఎలా కేకలేస్తారో గుర్తుంది కదా!

నాలుగోది వెలుగు. ఇక్కడో తమాషా లెక్క ఉంది. డిజిటల్ సినిమా హాల్లో తెర మీద తెలుపుకి నిర్ణయించిన వెలుగు 48 నిట్లు. నిట్ అంటే తెర వెలుగుకి కొలత లెండి. మనం కొనుక్కునే మానిటర్లు చాలావరకు 250, 300 నిట్ల దాకా వెలుగుతాయి. అంటే చీకటి గదిలో దాన్ని పూర్తిగా పెంచితే, సినిమా తెరకి ఐదారు రెట్లు వెలుగుని జేబురుమాలు దూరంలో పెట్టుకున్నట్టే! పరీక్ష సులువు. తెర మీద తెల్లటి పేజీ తెరిచి, పక్కన ఓ తెల్ల కాయితం పట్టుకోండి. తెర ట్యూబులైటులా వెలుగుతుంటే తగ్గించండి. కాయితం పక్కన మాసిన పంచెలా కనబడితే పెంచండి. రెండూ ఒకేలా ఉన్నాయంటే సరిపోయిందన్నమాట. రాత్రిపూట గది బొత్తిగా చీకటి చెయ్యకండి. సినిమాకి రంగులు దిద్దే గదుల్లో సాధారణంగా మానిటర్ వెనక గోడ మీద సన్నటి వెలుగు పడేలా దీపం పెడతారు. ఆ ఏర్పాటు మన ఇంట్లోనూ చిన్న బల్బుతో అయిపోతుంది.

ఐదోది అక్షరం. మన తెలుగు అక్షరానికి నెత్తిన తలకట్టు, గుడి... కింద వత్తు. ఇంగ్లీషుకి సరిపోయే సైజులో తెలుగు చదవబోతే వత్తులన్నీ చీమల బారులా కనబడతాయి. మెడ ముందుకి సాగుతోందంటే అక్షరం చిన్నదైందని గుర్తు. కంట్రోల్ మీటా, ప్లస్ మీటా కలిపి నొక్కండి, మెడ వెనక్కి వచ్చేదాకా.

ఇక మిగిలింది ఇంటర్వెల్. ప్రతి 20 నిమిషాలకి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని, 20 సెకన్లు చూడండి. కిటికీలోంచి ఎదురింటి మేడ చూసినా సరే, వీధి చివర పోస్టరు చూసినా సరే. రెప్పలు నాలుగుసార్లు నిండుగా మూసి తెరవండి. ఫ్యానో, ఏసీయో నేరుగా ముఖానికి కొట్టకుండా పక్కకి తిప్పండి.

"మరి ఆ నీలం వెలుగు కళ్ళజోడు కొనమంటారా?" అని అడుగుతారని తెలుసు. 2023లో కొక్రేన్ సంస్థ 17 పరిశోధనలని కలిపి చూసింది. ఆ అద్దాల వల్ల కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం కనబడలేదు. ఆ డబ్బుతో నిజమైన కంటి పరీక్ష చేయించుకోండి. తెరని పసుపు పచ్చగా మార్చే నైట్ లైటు రాత్రి చదువుకునేవాళ్ళు పెట్టుకుంటే పెట్టుకోవచ్చు గానీ, రంగుల పని చేసేవాళ్ళు మాత్రం జాగ్రత్త సుమా! హీరోయిన్ పట్టుచీర రంగే మారిపోతుంది.

మన కుర్రాడి సంగతి చెప్పలేదు కదూ! పెట్టె తీసేశాడు, బల్ల తిప్పాడు, వెలుగు తగ్గించాడు. కళ్ళమంట చాలామట్టుకు తగ్గింది. తలపోటు మాత్రం పూర్తిగా పోలేదు. అప్పుడు పట్టుబట్టి డాక్టరు దగ్గరికి పంపితే తేలిందేమిటయ్యా అంటే, ఒక కంటికి కొద్దిగా సైటుంది. అది ఎన్నాళ్ళనించి ఉందో, వాడికే తెలీదు! అద్దాలొచ్చాయి, తలపోటు పోయింది. "అమ్మకి వీడియో కాల్ చేసి చూపించా అన్నా. కళ్ళజోడులో ఎడిటర్‌లా ఉన్నావంది" అన్నాడు. ఊరికి వెళ్ళడం మాట మళ్ళీ ఎత్తలేదు.

తేలిందేమిటంటే, మానిటర్ కళ్ళని అలిసిపోయేలా చేస్తుందే గానీ, గుడ్డివాణ్ణి చెయ్యదు. కాకపోతే ఆ అలసట వెనక దాక్కున్న సైటుని గుర్తించకుండా ఏళ్ళ తరబడి నెట్టుకురావడం తప్పు. మానిటర్ సర్దుకున్నా తలపోటు తగ్గకపోయినా, ఒకటి రెండుగా కనబడుతున్నా, ఒక కన్ను మసకబారినా ఆలస్యం చెయ్యకండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే రోజూ కాసేపు ఎండ పొడ తగిలేలా బయట ఆడుకోనివ్వండి. దగ్గరిచూపు పనే ఎక్కువై, ఆరుబయలు తక్కువైన పిల్లలకి సైటు వచ్చే అవకాశం ఎక్కువ.

సినిమాకీ కంటికీ ఉన్న చుట్టరికం మన తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పాలా? 1931లో 'ఆలం ఆరా'లో, 1932లో మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'లో నటించి, ఆనక 'మిస్సమ్మ' లాంటి చిత్రాలు తీసిన శ్రీ ఎల్.వి. ప్రసాద్ గారి కుటుంబం అండగా నిలవబట్టే 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాదులో ఆ కంటి ఆస్పత్రి నెలకొల్పగలిగారు. దానికి ప్రసాద్ గారి పేరే పెట్టారు. జనం కళ్ళకి వినోదం పంచిన మనిషి పేరు, జనానికి చూపునిచ్చే చోట నిలిచింది!

కాబట్టి మిత్రులారా, ఈ పేజీ తిప్పగానే ఒక్క పని చెయ్యండి. కంప్యూటర్ ముందు కూర్చుని చెయ్యి చాపి చూడండి. అరచెయ్యి మొత్తం తెరకి ఆనిందా... మీరింకా నేల టిక్కెట్టులోనే ఉన్నారు. లేచి బాల్కనీలోకి రండి. వచ్చే వారం అక్కడే కలుసుకుందాం!