మల్టీమీటరూ, పైథానూ, నా తొందరా

మొన్నామధ్య మా టీంలో కొత్తగా చేరిన అబ్బాయి అన్నాడు, "ఇన్‌స్ట్రుమెంట్ కంట్రోల్ అంటే ఏముందన్నా, పైవీసా ఇన్‌స్టాల్ చేసుకుని నాలుగు లైన్లు రాస్తే అయిపోతుంది కదా" అని. కాదనలేకపోయాను. నిజంగానే నాలుగు లైన్లే. ఆ నాలుగు లైన్లతో రెండు వారాల డేటాని ఎలా చెత్తబుట్ట పాలు చేశానో వాడికి చెప్పాను. పరువు ఎలాగూ పోయింది కాబట్టి మీక్కూడా చెప్పేస్తా.

వెబ్బూ, డేటాబేసూ తప్ప వేరే లోకం చూడని మిత్రుల కోసం కాస్త ఉపోద్ఘాతం. ల్యాబ్‌లో ఉండే మల్టీమీటరు, పవర్ సప్లై, ఆసిలోస్కోపు (మన కాలేజీ భాషలో సీఆర్‌వో) వీటికి ముందువైపు బటన్లుంటాయి, వెనకవైపు ఒక పోర్టు ఉంటుంది. మనం బటన్లు నొక్కి చేసే పనులన్నీ ఆ పోర్టు లోంచి కంప్యూటర్ చేయించగలదు. 1960ల చివర్లో హ్యూలెట్ ప్యాకార్డ్ వాళ్ళు తమ పరికరాల కోసం ఒక బస్సు తయారు చేసుకున్నారు (ఎర్రబస్సు కాదు లెండి). 1975లో అదే ఐ-ట్రిపుల్-ఈ 488 అనే ప్రమాణం అయింది. జీపీఐబీ అని అందరూ అనేది దాన్నే. లావుపాటి కేబులు, 24 పిన్నుల కనెక్టరు, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోవచ్చు. తీగ సంగతి తేలింది గానీ భాష సంగతి తేలలేదు. ఒక్కో కంపెనీ మీటరుకీ ఒక్కో రకం కమాండ్లు. 1990లో స్కిపీ అనే ఉమ్మడి భాష వచ్చాక ఆ గోల చాలావరకు తగ్గింది. ఆ తర్వాత వీసా అనే పొర వచ్చింది (అమెరికా వీసా కాదు, దానికి ఇంత త్వరగా జవాబు రాదు). కేబులు జీపీఐబీ అయినా, యూఎస్‌బీ అయినా, సీరియల్ అయినా ప్రోగ్రాం ఒకే తీరుగా రాసుకోవచ్చు. ఆ వీసాని పైథాన్ లోంచి వాడుకోవడానికి ఉచితంగా దొరికే లైబ్రరీయే పైవీసా.

'స్టార్ ఐడీఎన్ క్వశ్చన్ మార్క్' అని పంపితే చాలు, మీటరు తన కంపెనీ పేరు, మోడలు, సీరియల్ నంబరు చెప్పేస్తుంది. మొదటిసారి అది చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం, మొదటి జీతం మెసేజ్ చూసినప్పుడు కూడా కలగలేదు.

సరే, అసలు కథ. పవర్ సప్లై బోర్డుల టెస్టింగు మా పని. 12 వోల్టుల బోర్డుని ఓవెన్‌లాంటి ఛాంబర్‌లో పెట్టి, ఒక్కో ఉష్ణోగ్రత దగ్గరా లోడుని 0 నుంచి 5 ఆంపియర్ల దాకా పెంచుతూ అవుట్‌పుట్ వోల్టేజి కొలవాలి. చాలా ఏళ్ళుగా ఆ పని చేస్తున్నది మా ల్యాబ్ టెక్నీషియన్. అందరం పెద్దాయన అంటాం. లాంగ్ నోట్‌బుక్కు, నీలం పెన్ను, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. ఒక్కో బోర్డుకి దాదాపు ఒక పూట. దాన్ని ఆటోమేట్ చెయ్యమని నాకు అప్పగించారు. ఇది అయిపోతే ఆయన్ని స్టోర్స్‌కి మార్చేద్దాం అన్న మాట కూడా మీటింగులో వినపడింది. నేను విననట్టు ఊరుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే అదొక్కటే ఎక్కువ సిగ్గనిపిస్తుంది.

స్క్రిప్టు మొదట అమెరికా టీం వాళ్ళు రాసింది. అక్కడ చక్కగా నడిచేది. ఇక్కడ పెడితే మొదటి రీడింగు దగ్గరే టైమౌట్. నేనేం చేశానంటే, మనందరం చేసేదే చేశాను. టైమౌట్ వస్తే మళ్ళీ అడుగు, అని ఒక రీట్రై తగిలించాను. అంతే, పరుగులు పెట్టింది. పైగా ఒక్కో రీడింగూ చిటికెలో వచ్చేస్తోంది. అమెరికా వాళ్ళ కంటే నాదే ఫాస్టు అని డెమోలో గొప్పలు కూడా పోయాను. రెండు వారాల్లో మొత్తం బ్యాచ్ అయిపోయింది. గ్రాఫులు చూస్తే మైనం పోసినట్టు నున్నగా ఉన్నాయి. శుక్రవారం కస్టమరుకి రిపోర్టు వెళ్ళాలి.

బుధవారం పెద్దాయన టీ గ్లాసు పట్టుకుని వచ్చి నా వెనక నిలబడ్డారు. స్క్రీన్ మీద టేబుల్ కాసేపు చూసి, "గిదేంది సార్, ఖాళీగున్నప్పుడు తక్కువ సూపిస్తది, లోడేస్తే ఎక్కువైతది? ఉల్టా ఉంది గదా" అన్నారు. నిజమే. 60 డిగ్రీల దగ్గర సున్నా ఆంపియర్లకి 11.94, ఒక ఆంపియరుకి 12.02. లోడు పెరిగితే వోల్టేజి కాస్త తగ్గాలి గానీ పెరగడం ఏమిటి? నేను "మొదటి రీడింగు కదండీ, నాయిస్ అయ్యుంటుంది" అన్నాను. ఆయన వాదించలేదు. వెళ్ళి తన పాత నోట్‌బుక్కు తెచ్చి నా టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి పదకొండింటికి గానీ విషయం అర్థం కాలేదు. కాస్త ఓపిగ్గా చదవండి, ఇది మీకూ పనికొస్తుంది.

మంచి మల్టీమీటరు రీడింగు ఒక్క క్షణంలో తీసుకోదు. కరెంటు లైను నుంచి వచ్చే రొద కొట్టుకుపోవడానికి, సరిగ్గా కొన్ని లైను సైకిళ్ళ పాటు సగటు తీస్తుంది. మా సెట్టింగు 100 సైకిళ్ళు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, అంటే 100 సైకిళ్ళకి 1.67 సెకన్లు. మన దగ్గర 50 హెర్ట్జ్, అంటే 2 సెకన్లు (ఆటో జీరో ఆన్‌లో ఉంటే ఇంతకి రెట్టింపు, మేం ఆపేశాం). వీసాలో మనం ఏమీ మార్చకపోతే టైమౌట్ ఎంతో తెలుసా? సరిగ్గా 2 సెకన్లు! అక్కడ ఒడ్డున పడ్డ స్క్రిప్టు ఇక్కడ గుమ్మంలో తట్టుకుని పడింది.

ఇక నా రీట్రై నిర్వాకం. మొదటి ప్రశ్న వేశాను, 2 సెకన్లకి విసుగొచ్చి వదిలేశాను. కానీ మీటరు వదల్లేదు. అది తన లెక్క తాను పూర్తి చేసి జవాబు పంపింది. ఈలోగా నేను అదే ప్రశ్న మళ్ళీ వేశాను, అందిన జవాబు మొదటి ప్రశ్నది. రెండో ప్రశ్న జవాబు బఫర్లో కూర్చుంది. తర్వాత లోడు 1 ఆంపియరుకి మార్చి అడిగితే, కూర్చున్న ఆ పాత జవాబే చేతికొచ్చింది. అక్కణ్ణించి ప్రతి వరసలోనూ ముందు వరస వోల్టేజీయే. 60 డిగ్రీల సున్నా దగ్గర ఉన్నది 25 డిగ్రీల 5 ఆంపియర్ల విలువ. జవాబు ముందే సిద్ధంగా ఉంటోంది కాబట్టి మళ్ళీ ఒక్క టైమౌట్ కూడా రాలేదు. నేను గొప్పగా చెప్పుకున్న స్పీడు రహస్యం అదీ. లాగ్‌లో ఒకే ఒక్క రీట్రై లైను ఉంది, దాన్ని ఎవడు చూస్తాడు?

అన్నట్టు, 1987 నాటి 488.2 ప్రమాణం రాసినవాళ్ళు ఈ గండం అప్పుడే ఊహించారు. పాత జవాబు చదవకుండా కొత్త ప్రశ్న వేస్తే, ఆ ప్రమాణం పాటించే మీటరు పాత జవాబుని పారేసి 'క్వెరీ ఇంటరప్టెడ్' అని ఎర్రర్ నమోదు చేసుకుంటుంది. మేం జీపీఐబీ కేబులు ఖరీదని సీరియల్ కేబులుతో సరిపెట్టుకున్నాం. అక్కడ ఆ కాపలా మాకు దొరకలేదు.

టైమౌట్‌ని 10 సెకన్లు చేశాను. టైమౌట్ వస్తే బఫర్ ఖాళీ చేసి, ఎర్రర్ క్యూ చదివి, ఆ బోర్డు టెస్టు అక్కడే ఆపేసేలా మార్చాను. మార్పు మొత్తం పది లైన్లు. రిపోర్టు వారం లేటు, మేనేజరు గారి మొహం నెల లేటు.

నా అభిప్రాయం ఏమిటంటే, తప్పు లైబ్రరీది కాదు. లైబ్రరీలు మీటరుని మనకి ఒక ఫంక్షన్ లాగా చూపిస్తాయి, పిలిస్తే నంబరు వస్తుంది. మనం అదే నమ్ముతాం. కానీ అవతల ఉన్నది తన సొంత టైము ఉన్న మనిషిలాంటిది. నిజం చెప్పొద్దూ, ఈసీఈలో నాలుగేళ్ళు నేను చేసిందేమిటి? గ్రాఫు ముందు గీసి, దానికి సరిపడా రీడింగులు తర్వాత రాశాను, అదీ సీనియర్ రికార్డులోంచి. మీరు మాత్రం తక్కువ తిన్నారా? నున్నటి గ్రాఫు కనిపిస్తే చాలు, నిజమని నమ్మే అలవాటు అక్కడ పడిందే. మీటరు ముందు నిజంగా కూర్చుని ఉంటే, లోడు మార్చాక అంకెలు కుదురుకోవడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలిసి ఉండేది, రీడింగు చిటికెలో రావడమే నాకు అనుమానం కలిగించేది.

ఇప్పటి పిల్లలకి ఖరీదైన పరికరాలు లేవన్న సాకు కూడా లేదు. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ వాళ్ళు తయారుచేసిన ఎక్స్‌పీఐస్ అనే చిన్న పెట్టె ఉంది, పైథాన్‌తో నడుస్తుంది. కాలేజీలు ఇలాంటివి కొని బీరువాలో పెట్టకుండా ఉంటే చాలు.

మా ల్యాబ్‌లో ఇప్పుడొక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి ఉష్ణోగ్రత దగ్గరా ఒక వరస పెద్దాయన చేత్తో తీసి నోట్‌బుక్కులో రాస్తారు, స్క్రిప్టు అంకెతో కలవకపోతే టెస్టు ముందుకి పోదు. ఆటోమేట్ చేశాక కూడా ఇదెందుకని పైనుంచి ఒకరు అడిగారు. ఆ బుధవారం నాటి టేబుల్ ప్రింటు తీసి చూపించాను. స్టోర్స్ మాట మళ్ళీ రాలేదు.

కొత్తబ్బాయి నాలుగు లైన్లకి ముందు, రెండు రోజులు పెద్దాయన పక్కన కూర్చుని రీడింగులు రాయమన్నాను. మొదటి రోజంతా మొహం మాడ్చుకునే రాశాడు. రెండో రోజు మధ్యాహ్నం వచ్చి, "అన్నా, లోడు మార్చాక ఈ మీటరు సరైన అంకె చూపించడానికి రెండు సెకన్లు పైనే తీసుకుంటోంది, ఎందుకు?" అని అడిగాడు.