పోర్టికోలో ఎర్ర చుక్క

మొన్న మాఘమాసంలో ఒకరోజు పొద్దున్నే వాకిలి ఊడ్చి ముగ్గు వేద్దామని వెళ్తే, పోర్టికోలో కారు కింద ఎర్రటి చుక్క కనిపించింది. రూపాయి బిళ్లంత ఉంది. ముందు రోజు మా అబ్బాయి హైదరాబాదు నుంచి కారులో వచ్చాడు. దూరం నుంచి వచ్చాడని దిష్టి తీసి ఎర్ర నీళ్లు పారబోశాను. అవే అనుకుని చీపురుతో కడిగేశాను. పోలేదు. గుడ్డతో తుడిస్తే వేలికి జిడ్డుగా తగిలింది. దిష్టి నీళ్లకి జిడ్డెక్కడిది?

మర్నాడు మళ్లీ అక్కడే చుక్క. ఈసారి అరచేయంత ఉంది.

"ఒరే నాన్నా, నీ కారు కింద ఏదో ఎర్రగా కారుతోందిరా" అన్నాను.

"ఏసీ నీళ్లమ్మా."

"ఏసీ నీళ్లు ఎర్రగా ఉంటాయా?"

"నీకు తెలీదులే అమ్మా. మొన్నే సర్వీసింగ్ చేయించాను."

మా వారు పేపర్లోంచి తలెత్తకుండా, "వాడి కారు సంగతి వాడికి తెలీదా?" అన్నారు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. ఈ వ్యాసం అసలు ఆ వెళ్లిపోవడం గురించే.

కారు గురించి రెండు ముక్కలు చెప్పాలి. అది సెకండ్ హ్యాండ్ బండి. టర్బో ఇంజిను, ఆటోమేటిక్ గేర్లు. తొక్కితే వీపు సీటుకి అతుక్కుపోతుంది. కొన్న ఏడాదిలోనే చక్రాలు మార్చాడు, సైలెన్సర్ మార్చాడు, ఇంజిను బలం పెరగడానికి కంప్యూటర్ పెట్టి ఏదో మార్పించాడు. వీధి చివర ఉండగానే వాడు వస్తున్నాడని మాకు తెలిసిపోతుంది.

ఆ రోజు మధ్యాహ్నం మేం ముగ్గురం ఒంగోలు బయల్దేరాం. మా ఆడపడుచు కూతురి పెళ్లి, ముహూర్తం రాత్రికి. మా వారు మేనమామ. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావాల్సింది ఆయనే. ఆయన లేకపోతే గంప లేవదు.

మిరపకాయల రోజులు. యడ్లపాడు దాటేదాకా పొలాల్లో కళ్లాల నిండా ఎర్రటి కాయలు ఆరబోసి ఉన్నాయి. చిలకలూరిపేట దగ్గర రోడ్డు పక్క ముళ్లకంపలకి లారీల మీంచి రాలిన పత్తి పట్టుకుని ఉంది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మార్టూరు దాటాక ఒక లారీని దాటబోయి అబ్బాయి గట్టిగా తొక్కాడు. ఇంజిను గీపెట్టింది కానీ కారు ముందుకి పోలేదు. బెల్టు జారిన గ్రైండర్ చూశారుగా? మోటారు తిరుగుతుంది, రాయి తిరగదు. అచ్చం అలాగే ఉంది. కాసేపటికి మాడువాసన. పక్కకి తీసి ఆపాం. దిగి చూస్తే ముందు చక్రాల మధ్య నేల మీద ఎర్రగా ధార.

దగ్గర్లోని షెడ్డు నుంచి మెకానిక్ వచ్చి కిందకి దూరి చూశాడు. "గేరు బాక్సు ఆయిలు పైపు సార్" అన్నాడు. నాకు అర్థమయ్యేలా చెప్పమంటే ఓపిగ్గా చెప్పాడు.

ఆటోమేటిక్ గేరు బాక్సులో ఆయిలు రెండు పనులు చేస్తుందట. అరగకుండా కాపాడుతుంది, ఒత్తిడితో లోపలి క్లచ్చుల్ని పట్టి ఉంచి గేర్లు వేస్తుంది. ఈ పనిలో బాగా వేడెక్కుతుంది. అందుకని ఒక పైపులోంచి ముందున్న కూలర్‌కి వెళ్లి, చల్లబడి, ఇంకో పైపులోంచి వెనక్కి వస్తుంది. ఆ పైపులు కొంత ఇనుము, కొంత రబ్బరు. రెండూ కలిసే చోట లోహపు పట్టీ నొక్కి బిగిస్తారు. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు గట్టిపడి, ఆ అతుకు దగ్గర చెమ్మ పట్టడం మొదలవుతుంది. చెమ్మ చుక్కవుతుంది, చుక్క ధారవుతుంది. ఆయిలు తగ్గితే ఒత్తిడి పోయి క్లచ్చులు జారతాయి. అలా జారుతున్న బండిని తోలుతూ పోతే అవి మాడిపోతాయి.

"ఇంజిను బలం పెంచారా సార్? వేడి ఇంకా ఎక్కువొచ్చిద్ది" అన్నాడు. మావాడు నేల చూపులు చూశాడు.

ఇక అసలు పేచీ. టైము నాలుగు దాటింది. అక్కడి నుంచి ఒంగోలు గంట పైన. "పైపు కోసి, మామూలు రబ్బరు ముక్క పెట్టి క్లిప్పు బిగిస్తా, ఆయిలు పోస్తా, ఊరు చేరొచ్చు" అన్నాడు మెకానిక్. అబ్బాయి సరే అన్నాడు. వాచీ చూసుకుని మా వారూ సరే అన్నారు.

ఈసారి నేను పక్కకి వెళ్లలేదు. "బాబూ, ఆ రబ్బరు ముక్క ఈ ఆయిలుకి, ఆ వేడికి పనికొచ్చేదేనా?" అని అడిగాను.

నిజాయితీపరుడు. "కాదమ్మా. పనికొచ్చే పైపు నా దగ్గర లేదు. ఇది ఊరు చేరేదాకానే. చేరితే చేరిద్ది. ఊడి వేడి సైలెన్సర్ మీద పడితే మంటలు రావొచ్చు కూడా" అన్నాడు.

"ఏమండీ, గ్యాస్ పైపు పగిలితే టేపు చుట్టి వంట చెయ్యమంటారా?" అన్నాను మా వారితో. ఆయన మాట్లాడలేదు. మన వంటింట్లో సురక్షా పైపుని బాగానే ఉన్నా అయిదేళ్లకి మారుస్తాం. ఎందుకు మార్చాలో ఎవరూ మనకి ఇంజినీరింగ్ చెప్పలేదు. రబ్బరుకి ఆయుష్షుంటుందని మనకి తెలుసు, అంతే.

చివరికి మేమిద్దరం పట్టుబట్టలతో, పెట్టెలతో ఆటో ఎక్కి మార్టూరు వచ్చి ఆర్టీసీ బస్సు పట్టుకున్నాం. వాడు కారు దగ్గర ఉండిపోయాడు. ఇన్సూరెన్స్‌లోనే రోడ్డు మీద సాయం ఉందని అప్పుడు చూసుకున్నాడు. జాతీయ రహదారి మీద అయితే 1033కి కూడా ఫోన్ చెయ్యొచ్చు. కారుని తాడు కట్టి లాగనివ్వొద్దని, మొత్తం ఎత్తి ఎక్కించుకునే బండే తెప్పించమని మెకానిక్ మరీ మరీ చెప్పాడు. ఇంజిను ఆగి ఉండగా ముందు చక్రాలు నేల మీద దొర్లితే గేరు బాక్సు లోపల ఆయిలు తిరగదట.

మేం మండపం చేరేసరికి గౌరీపూజ అయిపోయింది. మా ఆడపడుచు గుమ్మంలోనే నిలబడి ఉంది. నన్ను చూసి ఏడ్చేసింది. మా వారు కాళ్లు కడుక్కుని నేరుగా గంప దగ్గరకి వెళ్లారు. పెళ్లికొడుకు పక్క నుండాల్సిన మావాడు మాత్రం తలంబ్రాలు చూడలేదు. చిన్నప్పటి నుంచి దాన్ని ఆటపట్టిస్తూ పెరిగినవాడు, పెళ్లి ఫోన్లో చూశాడు.

కారు గుంటూరు ఆటోనగర్‌కి చేరింది. కంపెనీ పైపు తెప్పించి వేశారు, ఆయిలు మొత్తం మార్చారు. ఇంజిను తిరుగుతుండగా, ఆయిలు తగిన వేడికి వచ్చాక లెవెల్ చూడాలట. చల్లటి బండిలో చూస్తే లెక్క తప్పుతుంది. గేరు బాక్సు బతికింది. ఇంకో పాతిక కిలోమీటర్లు తోలి ఉంటే విప్పాల్సి వచ్చేదన్నారు. పైపు ఖర్చు వేలల్లో, గేరు బాక్సు ఖర్చు లక్షల్లో.

నా అభిప్రాయం రెండు ముక్కల్లో చెప్తాను.

ఒకటి, మగపిల్లల గురించి. వేగానికి పెట్టే డబ్బులో పదో వంతు పైపులకి పెట్టరు. సైలెన్సర్ నలుగురికీ వినిపిస్తుంది, పైపు ఎవరికీ కనిపించదు. బలం పెంచినప్పుడు ఆ బలాన్ని మోసేవాటి సంగతీ చూడాలి. ఎద్దుల్ని మార్చినవాడు బండి ఇరుసు చూసుకోవద్దూ?

రెండోది మన గురించి, ఇదే ముఖ్యం. ఇంట్లో ఏది కారినా మొదట చూసేది మనం. పాలు, పంపు, గోడ చెమ్మ, పిల్లాడి ముక్కు. చూసింది చెప్తాం కూడా. "నీకు తెలీదులే" అనగానే మాత్రం నిజంగానే తెలీదేమో అనుకుని ఊరుకుంటాం. నాకు గేరు బాక్సు తెలియకపోవచ్చు. నిన్న రూపాయంత ఉన్న చుక్క ఇవాళ అరచేయంత అయిందని తెలుసు. ఆ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. అయినా ఊరుకున్నాను. వాళ్లు వినకపోవడం వాళ్ల తప్పు, రెండోసారి చెప్పకపోవడం నా తప్పు.

అందుకే ఇప్పుడు రాత్రిళ్లు కారు కింద పాత అట్టముక్క పరుస్తున్నాను. మీరూ చేసి చూడండి. రంగు లేకుండా నీళ్లలా ఉంటే ఏసీదే, భయం లేదు. నల్లగా, గోధుమగా జిడ్డుంటే ఇంజిను ఆయిలు కావచ్చు. ఎర్రగా జిడ్డుగా ఉంటే గేరు బాక్సు వైపు అనుమానించాలి. పవర్ స్టీరింగ్ ఆయిలూ కొన్ని కార్లలో ఎర్రగానే ఉంటుంది. కొన్నిటిలో కూలెంటు కూడా ఎరుపో గులాబీయో ఉంటుంది, కాకపోతే అది నీళ్లలా పల్చగా ఉంటుంది. ఏదైనా సరే, అట్టముక్క ఫోటో తీసి మెకానిక్‌కి చూపించేదాకా కారు కదలకూడదు.

పోయిన ఆదివారం వాడు వచ్చాడు. పొద్దున్నే ముగ్గు చిప్పతో వెళ్తే, నాకంటే ముందే లేచి, వంగి అట్టముక్క చూస్తున్నాడు. "ఏమీ లేదమ్మా" అన్నాడు. నేనూ వంగి చూశాను. నిజంగానే ఏమీ లేదు.