పీచు పొడులన్నీ ఒకటి కావు

మలబద్ధకమనగానే మందుల దుకాణం నుండి పీచు పొడి డబ్బా తెచ్చి, ఇంటిల్లిపాదికీ చెంచాల లెక్కన పంచడం మన ఇళ్ళలో పరిపాటి అయింది. డబ్బాపై ‘ప్రీబయాటిక్’ అని ఉంటే దానికి గౌరవం మరికొంత ఎక్కువ. ఈ వాడుక నాకు సమ్మతం కాదు. పొడి చెడ్డదని నేననను. ఏ పీచు ఏ పని చేస్తుందో తెలియక వాడడమే చెడ్డది.

ప్రీబయాటిక్ అనే మాటను 1995లో గిబ్సన్, రోబర్‌ఫ్రాయిడ్ అనే శాస్త్రజ్ఞులు ప్రవేశపెట్టారు. మనకు జీర్ణం కాక పెద్దప్రేగును చేరి, అక్కడి మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారమయ్యే పదార్థమని దాని భావం. చికోరీ వేరు నుండి తీసే ఇన్యులిన్ ఇటువంటిది. (కాఫీపొడిలో కలిపే చికోరీయే!) సూక్ష్మజీవులు దానిని పులియబెట్టినపుడు బ్యూటిరేట్ వంటి ఆమ్లాలు పుట్టి ప్రేగు లోపలి పొరను పోషిస్తాయి. వాటితోపాటు వాయువూ పుడుతుంది. కడుపుబ్బరం ఉన్నవారు ఒక్కసారిగా రెండు చెంచాలు పుచ్చుకుంటే బాధ హెచ్చుతుందే గాని తగ్గదు. అగ్నిబలాన్ని బట్టి ఆహారమాత్రను నిర్ణయించమన్న ఆయుర్వేద సూత్రం పీచుకూ వర్తిస్తుంది.

ఇసబ్‌గోల్ పొట్టు తీరు వేరు. ఇది అంతగా పులియదు. నీటిని పీల్చి జిగురుగా ఉబ్బి, మలాన్ని మెత్తపరుస్తుంది. కనుక దీనికి నీరే ప్రాణం. రాత్రి లేవవలసి వస్తుందని నీళ్ళు తగ్గించుకునే వృద్ధులు దీనిని గుక్కెడు నీటితో మింగితే గొంతులోనో ప్రేగులోనో అడ్డుపడే ప్రమాదముంది. నిండు గ్లాసు నీటిలో కలిపి వెంటనే త్రాగాలి. త్రాగగానే పడుకోరాదు. ఇతర మందులకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. మ్రింగుట కష్టమైనవారు దీని జోలికే పోరాదు.

ఇక ఆరోగ్యవంతులకు డబ్బా ఎందుకో నాకు బోధపడదు. ఉల్లి, వెల్లుల్లిలో ఇన్యులిన్ జాతి పీచే ఉంది. కందిపప్పులో, శనగలలో మరొక జాతి ఉంది. వండి చల్లార్చిన అన్నంలోని పిండిపదార్థం కొంత అరగక పెద్దప్రేగును చేరుతుంది. చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకున్న మన పెద్దలు ప్రీబయాటిక్ పేరు వినలేదు, పని మాత్రం జరిగింది. పెద్దలకు రోజుకు సుమారు 30 గ్రాముల పీచు కావాలి. అందులో చెంచా పొడి ఇచ్చేది స్వల్పం. చిక్కుడు, జొన్నరొట్టె, ఆకుకూరలు, జామపండు కలిస్తేనే లెక్క తేలుతుంది.

ఏబది దాటినవారికి మలబద్ధకం కొత్తగా మొదలైనా, ఏ వయసులోనైనా మలంలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గినా, పొడితో నెలలు గడపరాదు. ఆ వారమే వైద్యునికి చూపించుకోవాలి.