పట్టపగటి చీకటి

సూర్యుని వెలుగుకు వెల లేదు. అది గుడిసెపైనా, భవంతిపైనా సమానంగా ప్రసరిస్తుంది. అయినా నేటి నగరాలలో అనేక గృహాలు మిట్టమధ్యాహ్నం కూడా విద్యుద్దీపాలపైనే ఆధారపడుతున్నాయి. కిటికీ తెరిస్తే పొరుగింటి గోడ మాత్రమే కనిపించే గదులలో పిల్లలు చదువుకొంటున్నారు. విద్యుత్తు నిలిచిన క్షణాన ఆ గదులను పట్టపగలే చీకటి కమ్ముకొంటుంది. ప్రకృతి ఉచితంగా ప్రసాదించిన సంపదను మానవుడు తన నిర్మాణాలచేతనే దూరం చేసుకోవడం విచారకరం.

పూర్వపు తెలుగు గృహాలు వెలుతురును ఆహ్వానించిన తీరు గమనింపదగినది. కోస్తా ప్రాంతపు మండువా లోగిలిలో గదులన్నీ నడుమనున్న మండువా చుట్టూ అమరి ఉంటాయి. ఆకాశానికి తెరచి ఉన్న ఆ మండువా నుంచి గాలి, వెలుతురు ఇంటి నలుమూలలకూ చేరుతాయి. చుట్టూ ఉన్న వసారా చూరు తీక్షణమైన ఎండను అడ్డగిస్తుంది. రాయలసీమ మట్టిమిద్దెలలో పైకప్పుకు విడిచిన చిన్న గవాక్షం లోపలి గదికి వెలుగునిచ్చేది. వెలుతురును గృహ రూపకల్పనలోనే ఒక అంగంగా భావించిన వివేకం ఈ నిర్మాణాలలో కనిపిస్తుంది.

పగటి వెలుతురు కంటికే కాదు, దేహానికంతటికీ అవసరం. నిద్ర, మెలకువ, హార్మోన్ల స్రావం మొదలైనవి శరీరంలోని జీవగడియారాన్ని అనుసరించి జరుగుతాయి. ఆ గడియారం పనిచేసే తీరును వివరించిన జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ గడియారాన్ని ప్రతిదినం సరిచేసే ప్రధాన సంకేతం వెలుగు. పగలంతా మసక గదిలోను, రాత్రి పొద్దుపోయేవరకు దీపకాంతిలోను గడిపేవారికి ఆ సంకేతం తారుమారవుతుంది.

ఎండలు మండే ప్రాంతంలో కిటికీలు వేడిని తెస్తాయని కొందరు వాదిస్తారు. ఈ వాదంలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఎండ వేరు, వెలుతురు వేరు. మబ్బు పట్టిన పగటివేళ సైతం ఆరుబయట వెలుగు వేల లక్స్‌లలో ఉంటుంది. తరగతి గదిలో చదువుకు సుమారు 300 లక్స్‌లు చాలు. కనుక గదికి కావలసింది ఆకాశపు వెలుగులో స్వల్పభాగమే. ఉత్తరపు కిటికీపై ఏడాదిలో అధికభాగం నేరుగా ఎండ పడదు. చల్లని వెలుగు లభిస్తుంది. దక్షిణపు కిటికీపైన సజ్జా నిర్మిస్తే ఎండ వెలుపలే ఆగుతుంది. కిటికీ ఎత్తు పెరిగినకొద్దీ వెలుతురు గది లోపలికి మరింత దూరం చేరుతుంది. 2004లో హైదరాబాదులో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన సి.ఐ.ఐ. సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ నడిమి ముంగిలి చుట్టూ నిర్మితమై, పగటిపూట ప్రధానంగా సహజకాంతిపైనే ఆధారపడేలా రూపొందింది. మండువా సూత్రమే అక్కడ నూతన రూపం దాల్చింది.

ఇది సంపన్న సంస్థలకే సాధ్యమనుకోవడం సరికాదు. 2002లో బ్రెజిల్ దేశపు మెకానిక్ ఆల్ఫ్రెడో మోజర్ నీటిలో కొద్దిగా బ్లీచింగ్ ద్రవం కలిపి నింపిన ప్లాస్టిక్ సీసాను ఇంటికప్పులో అమర్చి, దానిని పగటిదీపంగా మలచాడు. సీసాపై పడిన ఎండను లోపలి నీరు గది అంతటా వెదజల్లుతుంది. 2011 నుంచి ఫిలిప్పీన్స్‌లో వేలాది పేద ఇళ్ళకు ఈ పద్ధతి చేరింది.

అయితే ఇరుకు వీధులలోని బహుళ అంతస్తుల భవనాలకు సీసా పరిష్కారం కాజాలదు. అక్కడ వెలుతురు ఇరుగుపొరుగుల ఉమ్మడి సొత్తు. కిటికీ ఎంత పెద్దదైనా ఎదుట ఖాళీ స్థలం లేకుంటే వ్యర్థమే. అందుచేతనే ఇంటి చుట్టూ కొంత జాగా విడువవలెనని పురపాలక నిబంధనలు విధిస్తున్నాయి. ఆ జాగాలో గోడ లేపినవాడు తన స్థలంలోనే కట్టుకొన్నానని భావిస్తాడు. వాస్తవానికి అతడు పొరుగువారి పగటిని అపహరిస్తున్నాడు. 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం 20 సంవత్సరాలు నిరాటంకంగా అనుభవించిన వెలుతురుపై హక్కును గుర్తించింది. కొత్త ఇంటివారికి ఆ రక్షణ లేదు. నిబంధనల అమలే వారికి దిక్కు. అతిక్రమణలను రుసుముతో క్రమబద్ధీకరించే పథకాలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లోను, తెలంగాణలో 2015లోను ప్రకటితమయ్యాయి. అటువంటి రుసుము ఖజానాకు చేరుతుంది. పొరుగింటి గదికి మాత్రం వెలుతురు చేరదు.

కనుక గృహపటాన్ని ఆమోదించే అధికారి గదుల సంఖ్యతోపాటు ప్రతి గదికీ వెలుతురు వచ్చే మార్గాన్ని కూడా పరిశీలించాలి. పాఠశాలలు, వసతిగృహాల విషయంలో ఏ మినహాయింపూ ఇవ్వరాదు. ఇల్లు కట్టేవారు పొరుగు కిటికీని తమ కిటికీతో సమానంగా గౌరవించాలి. విడిచిన నాలుగడుగుల నేల నష్టం కాదు. తరతరాలపాటు రెండు కుటుంబాలు పంచుకొనే వెలుగుకు అది మూలధనం.